కేసు పడకముందే ఓపీకి రండి

గంజాయికి బానిసై, ఆ గంజాయి కొనుక్కోవడానికే పొట్లాలు అమ్మి పట్టుబడ్డ కుర్రాడికి కోర్టు ఏ శిక్ష వేయాలి? ఈ ప్రశ్నకు సగం జవాబు చట్టంలో ఉంది. మిగతా సగం ఆసుపత్రి ఓపీ చీటీలో ఉంటుంది. ఆ చీటీ లేకపోతే చట్టం తెరిచిపెట్టిన తలుపు కూడా మూసుకుపోతుంది.

ఒక సోమవారం ఓపీలో జనం పలచబడ్డాక పుంగనూరు వైపు పల్లె నుంచి ఒక తల్లి వచ్చింది. ఒంట్లో బాగాలేనిది ఆమెకు కాదు. కొంగులో మడిచిపెట్టుకున్న కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఎఫ్‌ఐఆర్ నకలు. ఇరవై రెండేళ్ళ కొడుకు మదనపల్లెలో గంజాయి పొట్లాలు అమ్ముతూ పోలీసులకు దొరికాడు. అతని దగ్గర ఉన్నది 380 గ్రాములు. రిమాండుకు పంపారు.

‘‘సార్, మావాడు దానికి బానిసైపోయినాడని ఒక కాగితం రాసియ్యండి సార్. వాడు అమ్మేది వాడు తాగేదానికే. ఆ కాగితం ఉంటే కోర్టులో మంచిదని లాయరు చెప్పినాడు.’’

‘‘మీవాడిని ఎప్పుడైనా ఆసుపత్రికి తీసుకొచ్చారా అమ్మా?’’

‘‘లేదు సార్. రెండేండ్ల నుంచి తాగతానే ఉన్నాడు. రమ్మంటే కొట్టేదానికి వస్తాడు. ఊర్లో తెలిస్తే చెల్లెలికి పెండ్లి కాదని మేమూ ఊరికే ఉండిపోయినాం.’’

ఆ కాగితం నేను రాయలేకపోయాను. చూడని రోగికి సర్టిఫికెట్ ఇవ్వడం నేరం. ఆ తల్లి చెప్పింది నిజమే కావచ్చు. అయితే కోర్టుకు కావలసింది ఆమె కన్నీళ్ళు కాదు, తేదీ వేసిన ఓపీ చీటీ. రెండేళ్ళలో ఒక్కసారి తీసుకొచ్చి ఉన్నా అది ఉండేది. వారి వివరాలు బయటపడకుండా కొన్ని సంగతులు మార్చి ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇలాంటి తల్లులు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి వస్తూనే ఉన్నారు. దాదాపు అందరూ కేసు పడ్డాకే వస్తున్నారు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో మత్తుపదార్థాల నేరాలన్నిటికీ మూలం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. ఇది చాలా కఠినమైన చట్టమని అందరికీ తెలుసు. ఇందులో వ్యసనపరుల కోసం ప్రత్యేకంగా పెట్టిన సెక్షన్లు ఉన్నాయని మాత్రం చాలామందికి తెలియదు.

ఈ చట్టంలో శిక్ష ఎక్కువగా బరువును బట్టి ఉంటుంది. గంజాయి కిలో వరకు ఉంటే స్వల్ప పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. స్వల్ప పరిమాణమైతే ఏడాది దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల దాకా ఉంటే పదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. వాణిజ్య పరిమాణమైతే తక్కువలో తక్కువ పదేళ్ళు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ళు. జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు.

మిగతా మత్తుల్లో ఈ గీతలు ఇంకా దగ్గరగా ఉంటాయి. చరస్‌లో స్వల్ప పరిమాణం 100 గ్రాములు, వాణిజ్య పరిమాణం కిలో. హెరాయిన్‌లో 5 గ్రాములు, 250 గ్రాములు. ఎండీఎంఏలో అర గ్రాము, 10 గ్రాములు. నిద్రమాత్రగా వాడే ఆల్ప్రజోలాంలో 5 గ్రాములు, 100 గ్రాములు. కలిపిన పిండినో, చక్కెరనో తీసేసి అసలు మందు బరువు మాత్రమే చూడరు. మొత్తం మిశ్రమం బరువును లెక్కలోకి తీసుకోవాలని 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘కొంచెమే కదా’ అనుకున్నది కోర్టు త్రాసులో కొంచెం కాకపోవచ్చు.

ఇక వ్యసనపరుల కోసం ఉన్న రెండు తలుపుల సంగతి.

మొదటిది 39వ సెక్షన్. మత్తు వాడిన నేరంలో గానీ, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరంలో గానీ వ్యసనపరుడు దోషిగా తేలితే, కోర్టు వెంటనే జైలుకు పంపనక్కర్లేదు. అతని వయసు, నడవడిక, గత చరిత్ర, శారీరక, మానసిక స్థితి చూసి, అతని సమ్మతితో ప్రభుత్వ ఆసుపత్రికో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రానికో చికిత్సకు పంపవచ్చు. అతను బాండు రాసివ్వాలి. ఏడాదిలోపు చికిత్స ఫలితంపై నివేదికతో కోర్టు ముందు నిలబడాలి. నివేదిక బాగుంటే మందలించి, మూడేళ్ళకు మించని కాలానికి మరో బాండు తీసుకుని వదిలేయవచ్చు. మాట తప్పితే వచ్చి శిక్ష తీసుకోవాలి.

రెండోది 64ఎ సెక్షన్. ఇలాంటి చిన్న కేసుల్లో నిందితుడైన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ముందుకొచ్చి, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుంచే రక్షణ దొరుకుతుంది. చికిత్స సగంలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ రెండు సెక్షన్లూ స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరం అంటాయే తప్ప అమ్మకాన్ని పక్కన పెట్టలేదు. అంటే 380 గ్రాములు అమ్మబోయిన కుర్రాడు కూడా, నిజంగా వ్యసనపరుడైతే, ఈ తలుపు తట్టవచ్చు. అదే కుర్రాడి సంచిలో కిలో మీద వంద గ్రాములు ఎక్కువుంటే ఆ తలుపు లేదు. వాడు ఎంత జబ్బుతో ఉన్నా లేదు.

వాడేవాడు అమ్మేవాడు ఎలా అవుతాడు?

మొదట స్నేహితుడు ఉచితంగా ఇస్తాడు. తర్వాత కొనాలి. కూలి డబ్బులు, టమోటా మండీలో బుట్టలు మోసిన డబ్బులు, అమ్మ దగ్గర అబద్ధం చెప్పి తెచ్చిన డబ్బులు అయిపోతాయి. అప్పుడు ఇచ్చేవాడు ఒక దారి చూపిస్తాడు. ‘‘పది పొట్లాలు అమ్మిపెట్టు, నీకు రెండు ఊరికే ఇస్తా.’’ ఆ రోజు నుంచి రోగి చిల్లర వ్యాపారి అవుతాడు. అసలు వ్యాపారి మాత్రం కనబడని చోట ఉంటాడు. పట్టుబడేది ఎప్పుడూ చేతిలో పొట్లం ఉన్నవాడే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. సరుకు తెచ్చినవాడు 25 కిలోలతో దొరికితే, అతని ఫోన్లో మీ పిల్లవాడి నంబరు, వాడు పంపిన డబ్బులు ఉంటే, 29వ సెక్షన్ కింద కుట్రలో భాగస్వామి అంటారు. అది రుజువైతే అసలు నేరానికి ఏ శిక్షో దీనికీ అదే. జేబులో రెండు పొట్లాలున్న కుర్రాడు పదేళ్ళ కేసులో పడటం ఇలాగే. వాణిజ్య పరిమాణం కేసుల్లో బెయిలు రావడం కూడా చాలా కష్టం. రెండోసారి అదే నేరం చేస్తే గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లు అవుతుంది.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. పని కోసం రైలెక్కి బెంగళూరు వెళ్ళివచ్చే కుర్రాళ్ళు వేలల్లో ఉంటారు. ‘‘ఈ సంచి అక్కడ ఒకరికి ఇచ్చిరా’’ అనే మాట వాళ్ళకు కొత్త కాదు. సంచిలో ఏముందో, ఎన్ని గ్రాములుందో వాళ్ళకు తెలియదు. చట్టానికి మాత్రం ఆ గ్రాములే ముఖ్యం.

వ్యసనమని డాక్టరు ఎలా తేలుస్తారు?

‘‘వాడు తాగుతాడు’’ అన్నంత మాత్రాన వ్యసనపరుడని రాయలేం. మూత్ర పరీక్షలో గంజాయి ఆనవాలు దొరికినా సరిపోదు. ఆ పరీక్ష వాడాడని చెబుతుంది, బానిసయ్యాడని చెప్పదు. ఎప్పుడో ఒకసారి తాగినవారిలో ఆనవాలు కొద్ది రోజులే ఉంటుంది. రోజూ బాగా తాగేవారిలో నెల వరకు కూడా కనిపించవచ్చు.

మేం చూసేవి ఆరు లక్షణాలు. మత్తు కావాలనే తట్టుకోలేని కోరిక. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతతో ఆపాలో చేతిలో లేకపోవడం. మానేస్తే శరీరం, మనసు ఇబ్బంది పడటం. మునుపటి మత్తు కోసం మోతాదు పెంచుకుంటూ పోవడం. చదువు, పని, ఆటపాటలు వదిలి దాని చుట్టూనే తిరగడం. హాని జరుగుతోందని తెలిసీ ఆపలేకపోవడం. గడచిన ఏడాదిలో వీటిలో మూడైనా కలిసి కనిపిస్తే వ్యసనంగా నిర్ధారిస్తాం. దీనికి ఒక్కసారి చూస్తే చాలదు. రోగితో, ఇంట్లోవాళ్ళతో విడివిడిగా మాట్లాడాలి. మానసిక వైద్య నిపుణుడు చూడాలి.

గంజాయికి అలవాటు పడరని ఒక అపోహ ఉంది. వాడేవారిలో సుమారు పదిమందిలో ఒకరు బానిసవుతారు. పద్దెనిమిదేళ్ళలోపు మొదలుపెడితే దాదాపు ఆరుగురిలో ఒకరు. మెదడు ఇరవై అయిదేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో రోజూ గంజాయి తాగితే చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. కొందరిలో లేనిపోని అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం లాంటి తీవ్రమైన మానసిక జబ్బు మొదలవుతుంది. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే నివేదిక 2019లో వచ్చింది. దేశంలో 10 నుంచి 75 ఏళ్ళవారిలో 2.8 శాతం మంది, అంటే సుమారు 3 కోట్ల 10 లక్షల మంది గంజాయి, భంగు, చరస్ వంటివి వాడుతున్నట్లు అందులో తేలింది. ఇంతమందిని జైళ్ళలో పెట్టలేం. ఇంతమందిని పట్టించుకోకుండా వదిలేయనూ లేం.

సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న

ఇప్పుడు మా వైద్యుల తప్పు కూడా చెప్పాలి. అరెస్టు చేసినవారిని కోర్టులో హాజరుపరిచే ముందు వైద్య పరీక్షకు తీసుకొస్తారు. భారతీయ నాగరిక సురక్ష సంహితలో 53వ సెక్షన్ ప్రకారం ఇది తప్పనిసరి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఒక పక్క ప్రమాదం కేసు, ఇంకో పక్క ఆయాసంతో ముసలాయన. మధ్యలో ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒక కుర్రాడిని నిలబెడతారు. దెబ్బలున్నాయా, బీపీ ఎంత, అంతే. సంతకం అయిపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే సంతకం పెట్టాను. ఆ కుర్రాడు కొన్నాళ్ళుగా నిద్రమాత్రలు గుప్పెళ్ళతో మింగుతున్నాడని నేను అడగలేదు, అతను చెప్పలేదు. మూడో రోజు ఫిట్స్ వచ్చి మళ్ళీ ఆసుపత్రికే తెచ్చారు. బతికాడు. నిద్రమాత్రలు, మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. ఆ సంగతి నాకు పుస్తకాల్లో తెలుసు. ఆ రాత్రి గుర్తు రాలేదు.

అప్పటి నుంచి పోలీసులు తెచ్చిన ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఏం వాడతావు? ఎంత కాలంగా? చివరిసారి ఎప్పుడు? జవాబులు నివేదికలో రాస్తాను. ఆ రెండు వాక్యాలు జైలు డాక్టరుకు ఉపయోగపడతాయి, ప్రాణం కాపాడతాయి. రేపు 39వ సెక్షన్ కింద దరఖాస్తు వేస్తే న్యాయవాదికీ ఉపయోగపడతాయి. మీవాళ్ళను అలా తీసుకొచ్చినప్పుడు మీరు అక్కడ ఉంటే, డాక్టరుతో ఈ మాట దాచకుండా చెప్పండి. ‘కేసు ఇంకా బలపడుతుందేమో’ అనే భయంతో చాలామంది నోరు మెదపరు. దాచడం వల్ల కేసు తగ్గదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

జైలుకు వెళ్తే మానేస్తాడు కదా?

ఇది దాదాపు ప్రతి తండ్రీ అనే మాట. ‘‘నాలుగు నెలలు లోపలుంటే బుద్ధొస్తుంది సార్.’’ లోపల సరుకు దొరక్క మానేస్తే అది చికిత్స కాదు. శరీరం శుభ్రపడుతుంది, కోరిక అలాగే ఉంటుంది. బయటికి రాగానే అదే వీధి, అదే స్నేహితులు, అదే ఫోన్ నంబరు. పైగా లోపల పెద్ద వ్యాపారులతో పరిచయం అవుతుంది.

హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుల్లో ఇంకో ఘోరం జరుగుతుంది. లోపలున్న నెలల్లో శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవారిపై చేసిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో వారిలో మరణాల ముప్పు అక్కడి మామూలు జనం కంటే 12 రెట్లకు పైగా ఉంది. మత్తు మోతాదు మించి చనిపోయే ముప్పయితే 129 రెట్లు. ‘బుద్ధి వచ్చి’ ఇంటికి చేరిన కొడుకు మొదటి పక్షంలోనే దక్కకుండా పోవచ్చన్నమాట.

చికిత్స ఎలా ఉంటుంది?

గంజాయి మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, చెమటలు, పీడకలలు మొదలవుతాయి. మొదటి వారంలో ఎక్కువగా ఉండి రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. నిద్ర మాత్రం కుదురుకోవడానికి ఇంకా సమయం పట్టవచ్చు. చాలామంది ఇంట్లోవాళ్ళు ఈ చిరాకు చూసి ‘పిచ్చెక్కింది, ఒక పొట్లం ఇచ్చేస్తే పోతుంది’ అనుకుంటారు. ఆ పది రోజులూ గడిపించడమే మొదటి మెట్టు. దానికి కొన్ని మందులు సాయపడతాయి.

గంజాయి కోరికను తీసేసే ప్రత్యేకమైన మాత్ర ఇప్పటికి లేదు. అసలు చికిత్స కౌన్సెలింగ్. ఎప్పుడు కోరిక పుడుతుంది, ఎవరిని చూస్తే పుడుతుంది, అప్పుడేం చేయాలి అనేవి వారం వారం కూర్చుని నేర్పుతాం. అనుమానాలు, భ్రమలు ఉంటే వాటికి వేరే మందులు. హెరాయిన్, ట్రమడాల్ లాంటి వాటికి బ్యూప్రెనార్ఫిన్ వంటి మంచి మందులు ఉన్నాయి. ట్రమడాల్ నొప్పి మాత్రే అయినా 2018 నుంచి అదీ ఈ చట్టం కిందికే వచ్చింది. ఇంట్లో చీటీ లేకుండా ఆ మాత్రల పట్టీలు కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి.

ఇవన్నీ కలిపి కనీసం ఏడాది పడుతుంది. మధ్యలో జారిపోవడం మామూలే. జారిన రోజున తన్ని తరిమేస్తే మొదటికొస్తుంది. మన మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. వందేళ్ళ కిందట క్షయ అంటే ఇంటికి పట్టిన శాపమనుకుని దాచుకునేవారు. దాచుకున్నంత కాలం జబ్బు ఇంటిల్లిపాదికీ అంటింది. మందు సగంలో ఆపినవాళ్ళకు జబ్బు మొండిదై తిరిగొచ్చింది. మత్తు విషయంలో మనమింకా ఆ పాత రోజుల్లోనే ఉన్నాం.

ఒక హెచ్చరిక. గొలుసులతో కట్టేసి, కొట్టి మాన్పిస్తామనే కేంద్రాలకు పిల్లలను అప్పగించకండి. గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఆ చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యంగానే చూస్తుంది. గుర్తింపు లేని కేంద్రం ఇచ్చే కాగితం 39వ సెక్షన్‌కు పనికిరాదు.

మరి కొన్న పిల్లల సంగతి?

ఇంతదాకా చదివి మీలో కొందరికి కోపం వచ్చి ఉంటుంది. ‘వాడు రోగి సరే, వాడమ్మిన పొట్లం నా కొడుకు తాగాడు. దానికేమంటావు డాక్టరూ?’ అని. న్యాయమైన ప్రశ్న. అదే నెలలో తొమ్మిదో తరగతి పిల్లవాడిని ఇంకో తల్లి తీసుకొచ్చింది. వాడికి ఆ పొట్లం ఎవరు అమ్మారో నాకు తెలియదు. ఆమె ముందు కూర్చుని ‘అమ్మినవాడు కూడా రోగే’ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వ్యసనం నేరాన్ని కడిగేయదు. పిల్లలకు మత్తు ఇచ్చినా, మత్తు మోయడానికి, అమ్మడానికి పిల్లలను వాడుకున్నా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఉండాల్సిందే. 39వ సెక్షన్ కూడా క్షమాభిక్ష కాదు. అందులో నేరం రుజువవుతుంది, బాండు ఉంటుంది, నివేదిక ఉంటుంది, తప్పితే శిక్ష ఉంటుంది. కోర్టు ఇచ్చి తీరాలనీ లేదు. ఇవ్వవచ్చు, అంతే.

అయినా నేను ఆ దారినే సమర్థిస్తాను, కారణం ఇది. బానిసైనవాడు చికిత్స లేకుండా బయటికొస్తే మళ్ళీ అమ్ముతాడు. మళ్ళీ ఎవరో తొమ్మిదో తరగతి పిల్లవాడు కొంటాడు. వాడు మానేస్తే ఆ వీధిలో ఒక చెయ్యి తగ్గుతుంది. కొన్న పిల్లవాడి తల్లికి కూడా అంతకంటే మేలు చేసే శిక్ష నాకు తోచదు. డబ్బు కోసం టోకున తెప్పించి, తాను ముట్టకుండా అమ్మేవాడికి ఈ మాట వర్తించదు. వాడికి ఇరవై ఏళ్ళు వేసినా నాకు అభ్యంతరం లేదు.

ఈ తేడాను మన సుప్రీంకోర్టు కూడా చూపింది. 2024 డిసెంబరులో భారీ హెరాయిన్ అక్రమ రవాణా కేసులో నిందితుడికి బెయిలు నిరాకరించిన తీర్పులోనే, మత్తుకు బలైనవారిని రాక్షసులుగా చూడకుండా పునరావాసం కల్పించాలని చెప్పింది. అమెరికాలోని మయామీలో 1989లో మొదటి డ్రగ్ కోర్టు వచ్చింది. అక్కడ న్యాయమూర్తి నిందితుడిని పదే పదే పిలిచి చికిత్స ఎలా సాగుతోందో స్వయంగా చూస్తారు. పోర్చుగల్ 2001 నుంచి సొంత వాడకానికి ఉంచుకున్న కొద్దిపాటి మత్తును నేరాల జాబితా నుంచి తీసేసి, అలాంటివారిని వైద్యం వైపు మళ్ళించే కమిటీల ముందుకు పంపుతోంది. అక్కడ అమ్మకం మాత్రం ఇప్పటికీ నేరమే.

మీరు చేయాల్సినవి

పిల్లవాడు వాడుతున్నాడని అనుమానం వచ్చిన వారంలోనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకురండి. ఓపీ చీటీ, మందుల చీటీలు, పరీక్షల కాగితాలు తేదీల వారీగా ఒక ఫైల్లో దాచండి.

‘డాక్టరు పోలీసులకు చెప్పేస్తాడు’ అని భయపడకండి. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత. కోర్టు అడిగితే తప్ప బయటపెట్టం.

మదనపల్లె, పుంగనూరు వైపు వారికి తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కుప్పం, మదనపల్లె వారికి బెంగళూరు దగ్గరే. అక్కడి నిమ్హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉంది. మొదట దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, అక్కడి డాక్టరు రాసిన చీటీతో వెళ్ళండి.

ఇంటి నుంచే సలహా కావాలంటే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక సమస్యలకు టెలిమానస్ 14416. అమ్మేవారి సమాచారం ఇవ్వాలంటే రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972.

కేసు పడితే మొదటి రోజే న్యాయవాదికి వ్యసనం సంగతి చెప్పండి. 39, 64ఎ సెక్షన్ల గురించి అడగండి. కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. నేను వైద్యుణ్ణి. మీ కేసుకు ఏ సెక్షన్ వర్తిస్తుందో చెప్పాల్సింది న్యాయవాదే.

బెయిలు వచ్చిన మరునాడే ఆసుపత్రికి తీసుకురండి. తీర్పు దాకా ఆగకండి. తీర్పు రోజుకి చేతిలో పది నెలల చికిత్స రికార్డు ఉండటం వేరు, ‘ఇప్పుడు చేరతాం సార్’ అనడం వేరు.

దొంగ సర్టిఫికెట్ కోసం ప్రయత్నించకండి. అది బయటపడితే నిజంగా జబ్బున్న పక్కింటి కుర్రాడి కాగితాన్ని కూడా కోర్టు నమ్మదు.

పుంగనూరు తల్లి ఆ రోజు ఖాళీ చేతులతోనే వెళ్ళింది. కొడుక్కి బెయిలు వచ్చిన రెండో రోజు మాత్రం అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. మొదటి నెల నా మొహం కూడా చూడలేదు. నాలుగో నెలలో మళ్ళీ తాగాడు, రెండు వారాలు రాలేదు. ఒకరోజు ఓపీ మొదలుకాకముందే వచ్చి గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. ‘‘తప్పు చేసినా సార్, రాసుకోండి’’ అన్నాడు.

రాసుకున్నాను. కేసు ఇంకా నడుస్తోంది. ఏ తీర్పు వస్తుందో నాకు తెలియదు. కోర్టు అడిగిన రోజు నేనిచ్చే నివేదికలో అతను రాకుండా పోయిన రెండు వారాలూ ఉంటాయి, తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్న తేదీ కూడా ఉంటుంది. ఆ కాగితంలో లేనివి, కేసుకు ముందు గడిచిపోయిన ఆ రెండేళ్ళే. మీ ఇంట్లో ఆ రెండేళ్ళు ఇప్పుడు నడుస్తుంటే, వచ్చే సోమవారం దాకా కూడా ఆగకండి.